నీళ్లు పడ్డ గొంతు

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మావాళ్లు కళ్లతో ఆగలేదు, గొంతు కూడా చారెడు చేశారు. అతను పోయిన మర్నాటి నుంచి నా ఫోన్ నిండా అతని పాటే. ఒకడు ‘సికింద్రాబాద్ సింహం’ అని రాశాడు. అతను బతికుండగా ఏ షోకీ టికెట్ కొని రానివాడు ‘నా గురువు’ అని రాసుకుని ఏడుస్తున్న బొమ్మలు పెట్టాడు. ఇంకొకడు ‘ఆ గర్జన మనిషిది కాదు’ అన్నాడు. వీడొక్కడే తెలియక నిజం రాశాడు.

హెవీ మెటల్ ఎరగనివారికోసం రెండు ముక్కలు చెప్పాలి. గిటార్లు కట్టెకోత మిషన్‌లా మోగుతాయి. డ్రమ్ములు ఊపిరి తీసుకోనివ్వవు. పాడాల్సినవాడు పాడడు, పొట్టలోంచి గర్జిస్తాడు. దాన్ని గ్రౌల్ అంటాం. అందులో ఒక్క మాట అర్థం కాదు, అర్థమైతే అది తక్కువరకం అని మాలో లెక్క. జంట నగరాలు రెండూ వెతికినా ఇలాంటివాళ్లం రెండు సిటీ బస్సుల్లో పట్టేంతమందిమి ఉంటాం. అందరం నల్ల టీషర్టులే వేసుకుంటాం, ఎదుటివాడు మాత్రం నకిలీ అనుకుంటాం. ఎవడు అసలు, ఎవడు నకిలీ అని తీర్పు చెప్పే పెద్దమనిషి అతను. చిన్నా పెద్దా అందరం అన్న అనే పిలిచేవాళ్లం. అన్న బ్యాండులో నేను బేస్ గిటార్ వాయించేవాణ్ని. బేస్ వినపడదు గానీ ఆపేస్తే మాత్రం ఏదో పోయినట్టు ఉంటుందని అంటారు. నేను చాలాసార్లు ఆపి చూశాను. ఎవరికీ ఏమీ పోయినట్టు అనిపించలేదు.

పొద్దంతా అన్న చేసే పని చీరలకి జాకెట్టు ముక్కలు జతచేయడం. రెజిమెంటల్ బజార్‌లో వాళ్ల నాన్న పెట్టిన మ్యాచింగ్ సెంటర్ అది. లైనింగులు, ఫాల్స్, లంగాలు, గోడ పొడుగునా రంగురంగుల గుడ్డల తాన్లు. వాటి ముందు నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మతో, మే నెల ఎండలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని అన్న నిలబడి ఉండేవాడు. ఆడవాళ్లు చీర కొంగు చేతికిస్తే గుమ్మం బయట వెలుతురులోకి పట్టుకెళ్లి, ఒక కన్ను మూసి చూసేవాడు. లోపలికొచ్చి రెండు ముక్కలు తీసి, కొంగు పక్కన పరిచి, వినపడీ వినపడనంత మెల్లగా చెప్పేవాడు.

“అక్కా, ఇది లైట్లల్ల కలుస్తది, ఎండల కలువదు. ఫంక్షన్ పగలైతే గిది తీస్కోండ్రి.”

ఆ మెల్లదనం మర్యాద అని వాళ్లు మురిసిపోయేవాళ్లు. మర్యాదా లేదు, గాడిదగుడ్డూ లేదు. గొంతు ఆదా చేసేవాడు, అంతే. అన్న ఫోన్ ఎత్తేవాడు కాదు, ఏదైనా టైప్ చేసి పంపేవాడు. మనిషిని పిలవాలంటే చప్పట్లు కొట్టేవాడు. చల్లనీళ్లు ముట్టడు, ఐస్‌క్రీమ్ పేరెత్తితే దడుచుకుంటాడు. ఎప్పుడూ పక్కన ఫ్లాస్కులో మిరియాలూ శొంఠీ వేసిన వేడినీళ్లు ఉండాల్సిందే. శాస్త్రీయ సంగీతం పాడే అయ్యవార్లు కూడా అంత మడి కట్టుకోరు. ఇంతా చేసి ఆ దాచుకున్న గొంతుతో ఆదివారం మధ్యాహ్నం చేసేదేమిటయ్యా అంటే, పందిని తరిమినట్టు అరవడం.

అన్నకి పాటంటే ఇష్టమో, పాట తెలియనివాళ్లంటే అయిష్టమో నాకు చివరిదాకా తేలలేదు. బజార్లో ఎవడి ఒంటి మీదైనా ఏదైనా మెటల్ బ్యాండు టీషర్టు కనబడితే చాలు, వాణ్ని ఆపి పరీక్ష పెట్టేవాడు. “మూడు పాటలు చెప్పు” అనేవాడు. చెప్పలేకపోతే “మరి అంగి ఎందుకేసినవ్?” అనేవాడు. కాలేజీ పిల్లలు సిగ్గుపడి తలొంచుకునేవాళ్లు. అందులో ఒకరిద్దరు ఆ తర్వాత నిజంగానే పాటలు నేర్చుకుని వచ్చి, వేరేవాళ్లని పరీక్షించడం మొదలుపెట్టారు. మా సంఘం పెరిగింది ఇలాగే.

ఒకసారి షేర్ ఆటోలు ఆగే చోట ఒక ఆటో డ్రైవర్ దొరికాడు. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుని ఉన్నాడు. లోపల బండి మీద కొన్న నల్ల బనీను, దాని మీద కొమ్ముల మేకతల.

“ఇది ఏ బ్యాండుదో తెలుసా?” అన్నాడు అన్న.

ఆటో అతను భయపడ్డాడు. “ఏందన్నా, దొంగ మాలా? నేను పైసలిచ్చి తెచ్చుకున్న. అమ్మెటోడు ఏం చెప్పలే.”

“దొంగ మాల్ కాదు. మూడు పాటలు చెప్పు.”

“పాటలేంది?”

“తెల్వకుంటే ఎట్లేసుకుంటవ్?”

ఆటో అతను కాసేపు అన్నని కిందినుంచి మీదికి చూశాడు. తర్వాత అన్న టీషర్టు వైపు గడ్డం ఎగరేశాడు. “మరి నీ దాని మీద ఏం రాసున్నదో చదువు, వింట.”

అన్న టీషర్టు మీదున్నది మా బ్యాండు పేరే. అన్న స్వయంగా గీసినది. మెటల్ బ్యాండు పేరు చదవడానికి రాకూడదు, అదొక ఆచారం. ముళ్లకంచె చిక్కుపడ్డట్టు ఉండాలి. అన్న చదివి వినిపించాడు. ఆటో అతను మెడ అటు వంచి, ఇటు వంచి చూసి, “గిందుల గట్ల లేదే” అని ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అన్న ఆ రోజంతా అతన్ని నకిలీ అని తిడుతూనే ఉన్నాడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

అందులో అలా లేదన్న మాట అబద్ధం కాదని మరికొన్నాళ్లకి తేలింది. ఒక పబ్బులో షో ఉంటే మా పేరుతో పెద్ద ఫ్లెక్సీ కొట్టించాం. అన్న దగ్గరుండి నలుపు చూసుకున్నాడు, ఎందుకంటే నలుపులో కూడా అతనికి తేడాలుండేవి. ఒకసారి ముప్పై టీషర్టులు “గిది మట్టి నలుపు” అని వాపసు పంపిన మనిషి. ఫ్లెక్సీ కట్టారు, దాని ముందు వాయించాం, ఫొటోలు దిగాం, పదిమందితో పంచుకున్నాం. చాలా రోజుల తర్వాత మా డ్రమ్మర్ ఖాజా ఫోన్ తిప్పి చూస్తుంటే బయటపడింది, బ్యాండు పేరు తలకిందులుగా కట్టారు. వచ్చినవాళ్లలో ఒక్కడు కనిపెట్టలేదు. వాయించిన మేం కనిపెట్టలేదు. నెలల తరబడి కూర్చుని గీసిన అన్న కూడా కనిపెట్టలేదు.

ఖాజావాళ్లది బోయిగూడలో టింబర్ డిపో. కట్టెల లారీలతో మాట్లాడే గొంతుతోనే అందరితో మాట్లాడతాడు. “అన్నా, ఇంత కష్టపడి గీసినవ్, నీకే తెల్వకపాయె” అని పడీపడీ నవ్వాడు.

అన్న ఫొటోని చాలాసేపు చూశాడు. “గట్లనే మంచిగున్నది” అన్నాడు. అప్పటినుంచి మా టీషర్టుల మీద పేరు తలకిందులుగానే వచ్చింది. అది చూసి మాకు లోతు పెరిగిందని కొందరు మెచ్చుకున్నారు.

మా సాధన అల్వాల్‌లో. జోసెఫ్ అని ఒకడు వాళ్ల ఇంటి మేడమీద గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి, ఒక కంప్యూటర్ పెట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు భోజనాలు చేసి కునుకు తీసే వేళకి మేం మొదలుపెట్టేవాళ్లం. గిటార్ వాయించేవాళ్లు వచ్చేవాళ్లు, ఉద్యోగాలొచ్చి పోయేవాళ్లు, వాళ్ల పేర్లు నాకే గుర్తులేవు. ఉన్నది అన్న, ఖాజా, నేను. ఆల్బమ్‌కి పేరు పెట్టుకున్నాం. అట్ట మీద బొమ్మ వేయించుకున్నాం. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో పోట్లాడుకున్నాం. ఒక్క పాటా రికార్డు కాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎందుకు కాలేదంటే అన్నకి తన గొంతు నచ్చేది కాదు. గర్జన బావి అడుగునుంచి రావాలనేవాడు. ఎవరూ దిగని, పాడుబడ్డ బావి. గది దద్దరిల్లేట్టు అరిచి, జోసెఫ్ రికార్డు చేసింది విని, తల అడ్డంగా ఊపేవాడు.

“ఇంకా నీళ్లు పడలే” అనేవాడు.

బోరు వేసేవాళ్ల మాట అది. ఎన్నేళ్లు వేశాడో ఆ బోరు. మేం ముసలివాళ్లమవుతున్నాం, నాకు బట్టతల వచ్చింది. తల ఊపడానికి జుట్టు లేని మెటల్‌వాడి బతుకెంత హీనమో చెప్పుకుంటే సిగ్గుచేటు. అన్న మాత్రం ప్రతి ఆదివారం అరిచి, విని, “ఇంకా నీళ్లు పడలే” అని ఫ్లాస్కు మూత తిప్పుకునేవాడు.

ఒక వానాకాలం అన్నకి జలుబు చేసింది. జలుబు పోయింది గానీ గొంతులో బొంగురు పోలేదు. రెండు ఆదివారాలు రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చి మైకు ముందు నిలబడి నోరు తెరిచాడు.

ఆ శబ్దం గురించి నేను ఎంత వెటకారం చేద్దామనుకున్నా చేయలేను. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఖాజా వాయించడం మానేసి కర్ర గాల్లో పట్టుకుని ఉండిపోయాడు. అంతకుముందు అన్న అరుపులో అరవాలన్న ఆశ వినపడేది. ఇప్పుడలా లేదు. తడి బండ మీద బండ లాగుతున్నట్టు, ఎవరిదో కానట్టు ఉంది. జోసెఫ్ దాన్ని మళ్లీ వినిపించాడు. అన్న గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

“నీళ్లు పడ్డయ్ శీను” అన్నాడు నాతో. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేను సంతోషంతో అతన్ని కావలించుకున్నాను.

ఆ తర్వాత మూడు నాలుగు షోలు చేశాం. ప్రతి షోకీ ఆ గొంతు ఇంకా ముదిరింది, ఇంకా చిట్లింది. కుర్రాళ్లు స్టేజీ ముందు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణాలు పెట్టారు. బెంగళూరు నుంచి ఎవరో ‘ఇలాంటి గొంతు దేశంలో లేదు’ అని రాశారు. ఎలా సాధించావని అడిగినవాళ్లకి అన్న సాధన గురించి, ఓపిక గురించి, మిరియాల గురించి చెప్పాడు. వాళ్లు మిరియాలు కొనుక్కున్నారు.

అదే గొంతు విని కొట్లో ఆడవాళ్లు ఇంకో మాట అన్నారు. “ఏమైంది తమ్ముడూ, గిట్లయింది గొంతు?” అని ప్రతి ఒక్కరూ అడిగారు. ఒకామె తమలపాకు రసం చెప్పింది, ఒకామె కరక్కాయ చెప్పింది, ఒకామె ఇంటినుంచి తేనె సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టి వెళ్లింది. మెటల్ అంటే ఏమిటో తెలియని ప్రతి మనిషికీ అది జబ్బని ఒక్క మాటతో తెలిసిపోయింది. మెటల్ తెలిసినవాళ్లమే దానికి చప్పట్లు కొట్టాం. చెవులున్న చెవిటివాళ్లు ఎక్కడైనా ఉంటారా అంటే మమ్మల్ని చూపించాలి.

అన్న భార్య సుజాత. మాకు వదిన. కొట్టుకి వచ్చిన చీరలకి ఇంట్లో కూర్చుని ఫాల్ కుట్టేది. మా బ్యాండుని ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు, వినడానికి రానూ లేదు. ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

“శీను, ఆయన గొంతు మంచిగ లేదు. పండుకుంటే సుత గురగుర అంటున్నది. బువ్వ మింగనీకి తక్లీఫ్ అయితున్నది. దవఖానకు రమ్మంటే రాడు. మీ మాట వింటడు, జెర మీరన్న చెప్పండ్రి.”

ఈ మాట ఖాజాకి చెప్పాను. వాడు నిజంగానే అర్థం కాక నా మొహంలోకి చూశాడు.

“గొంతు మంచిగ లేదా? గిప్పుడే కదరా మంచిగయింది.”

ఇరానీ హోటల్లో టీ ముందు పెట్టుకుని అన్నతోనూ చెప్పాను. అన్న టీ చల్లారేదాకా ఆగి, ఒక్కో గుటకా కష్టపడి మింగుతూ అన్నాడు, “డాక్టర్ కాడికి పోతే నయం చేస్తడు. నయమైతే ఎట్ల?”

అది జోక్ అనుకుని నేను నవ్వాను. జోక్ కాదు. అంత అమాయకంగా, అంత గట్టిగా అన్నాడు ఆ మాట. ఆ శబ్దం తనదే, తన కష్టానికి ఫలితమే అని నమ్మాడు. రోగాన్ని విద్య అనుకున్న మనిషి లోకంలో ఇంకొకడు ఉంటాడని నేను అనుకోను. ఉంటే వాడూ మావాడే అయ్యుంటాడు.

చివరికి కొట్లోనే బయటపడింది. ఒకామె చీర కొంగు చేతికిచ్చింది. అన్న వెలుతురులో చూసుకుని లోపలికొచ్చి, ముక్క పరిచి, రంగు పేరు చెప్పబోతే శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే దగ్గు వచ్చింది, దగ్గులో నెత్తురు వచ్చింది. ఆ చీర తెచ్చినామే వదినకి ఫోన్ చేయించింది. వదిన ఈసారి అడగలేదు, ఆటో ఎక్కించి తీసుకెళ్లింది. గొంతుపెట్టె మీద గడ్డ. మంచిది కాదు. పెట్టె మొత్తం తీసేయాలి, ఆలస్యం చేస్తే పక్కలకి పాకుతుంది అన్నాడు డాక్టర్.

“తీసినంక మాట?” అని అన్న అడిగాడట.

“మాట రాదు. మనిషి ఉంటడు” అన్నాడట డాక్టర్.

ఎవరైనా ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరతారు. అన్న అల్వాల్ వచ్చాడు. పాట పూర్తయ్యాక ఆపరేషన్ అన్నాడు. ఆల్బమ్ వద్దు, ఒక్క పాట చాలు, ఈ గొంతు పోయేలోపు పట్టి పెట్టాలి అన్నాడు. చెప్పడం అంటే నోటితో కాదు, ఫోన్‌లో టైప్ చేసి మాకు చూపించాడు. మైకు కోసం గొంతు దాచుకుంటున్నాడు అప్పటికీ. జోసెఫ్ మెడ వంచుకుని వైర్లు సర్దాడు. ఖాజా “చేసేద్దాం అన్నా, బేఫికర్ ఉండు” అన్నాడు. నేను గిటార్ తీగలు సవరించుకున్నాను. వీరులం.

మర్నాడు మధ్యాహ్నం వదిన ఆ మెట్లెక్కి వచ్చింది. మొదటిసారి ఆ గది చూడటం. కోడిగుడ్ల అట్టల గోడలు, నేలంతా వైర్లు, మధ్యలో మఫ్లర్ చుట్టుకుని మొగుడు. గుమ్మం దాటకుండానే నిలబడింది.

“ఇంకెన్ని దినాలు?” అని అడిగింది.

అన్న చేత్తో కొంచెమే అన్నట్టు చూపించాడు.

“డాక్టర్ ఆగొద్దన్నడు. నీకు సుత చెప్పిండు కదా. ఈ పాట లేకుంటే ఎవరన్న సస్తరా?”

ఖాజా డ్రమ్ముల పక్కనున్న తాళం పళ్లెం మీద లేని దుమ్ము తుడిచాడు. ఆమె మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. చదువుకున్నవాళ్లం, ఉద్యోగాలున్నవాళ్లం, పిల్లల తండ్రులం. ఒక్కడైనా నోరు తెరిచి ‘పద అన్నా, దవాఖానకి పోదాం’ అంటాడేమోనని చూసింది. అన్న ఫోన్‌లో ఏదో టైప్ చేసి ఆమెకిచ్చాడు. చదువుకుంది.

“నీ జిందగీ మొత్తం దీనికోసమే అయితే, మరి నేనెందుకు?” అంది. కోపంగా అనలేదు, కొట్లో ధర అడిగినట్టు మామూలుగానే అడిగింది. ఫోన్ తిరిగిచ్చి కిందికి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లిందనుకున్నాం. లేదు, కింద వరండాలో కూర్చుని సంచిలోంచి చీర తీసి ఫాల్ కుట్టుకుంటోంది. పని పూర్తయ్యేదాకా ప్రతిరోజూ వచ్చి అక్కడే కూర్చుంది. పైన ఆమె మొగుడు గొంతు చించుకుంటుంటే కింద సూదిలో దారం ఎక్కించుకుంది. అన్న రెండు పంక్తులు అరిచి, దగ్గి, తువ్వాల అడ్డం పెట్టుకుని, కోలుకుని మళ్లీ రెండు పంక్తులు అరిచేవాడు. ఒక్క పాటకి నెల దాటింది. డాక్టర్ రమ్మన్న తేదీలు రెండు దాటాయి.

పాట పూర్తయింది, ఆపరేషన్ అయింది. మెడకి చిల్లు, దాని మీద తెల్లగుడ్డ. అన్న మళ్లీ కొట్లో కూర్చున్నాడు. కొంగు తీసుకోవడం, వెలుతురులో చూడటం, ముక్క పరవడం, అంతా చేతులతోనే. బేరాలాడటం తగ్గిందని ఒకామె సంతోషపడింది కూడా. టీషర్టు పరీక్షలు మాత్రం ఆగలేదు. ఒక రోజు నేను కొట్లో ఉండగా ఎవడో పుర్రె టీషర్టుతో వాళ్లమ్మ వెంట వస్తే అన్న వాడి వైపు మూడు వేళ్లు చూపించాడు. వాడు తికమకపడి మూడు జాకెట్టు ముక్కలు కావాలన్నాడు. అన్న మొహంలో ఆ అసహ్యం చూసి, మనిషి ఇంకా బతికే ఉన్నాడని నాకు ధైర్యం వచ్చింది. కానీ అప్పటికే అది పక్కలకి పాకింది. మళ్లీ వానాకాలం వచ్చేలోపు పోయాడు.

ఇప్పుడు మీ ఫోన్లలో తిరుగుతున్న పాట అదే. దేశంలోనే గొప్ప గొంతు అంటున్నారు కదా, ఆ పొగడ్తంతా చెందాల్సింది కణితికి. మా అన్న ఏళ్లతరబడి అరిచిన అరుపులు మీకు అక్కర్లేకపోయాయి. అతన్ని చంపింది పాడితే మాత్రం తలలూపుతున్నారు.

దినవారాలు అయ్యాక వదిన రమ్మని కబురు పెట్టింది. వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. నన్ను కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది.

“శీను, ఆయన మాట ఏమన్న ఉన్నదా మీ కాడ?” అంది.

“పాటున్నది వదినా. పంపిస్త.”

“పాట కాదు, మాట. ఉత్తగ మాట్లాడేది. నా ఫోన్ల ఒక్కటి లేదు. ఎన్నడన్న మాట్లాడి పంపితే కదా, అన్ని టైప్ చేసి పంపుతుండె. ఎన్ని నెలలాయెనో వినక. ఎట్లుంటుండెనో మర్చిపోతున్నట్టు అయితున్నది నాకు.”

నా ఫోన్‌లో వెతికితే అందులోనూ లేదు. గొంతు ఆదా చేసిన మనిషి కదా. ఖాజా దగ్గర షో వీడియోలున్నాయి, అన్నిట్లోనూ అరుపులే. అప్పుడు గుర్తొచ్చింది. రికార్డింగ్ నడిచిన ఆ నెల, రెండు అరుపుల మధ్య అన్న మాట్లాడేవాడు. బొంగురుగానే, కానీ మామూలు మాటలే. నీళ్లియ్యమనేవాడు. ఖాజాని తొందరపడుతున్నావని తిట్టేవాడు. మైకు ఆన్‌లో ఉందన్న సంగతి మరచిపోయి, మెట్ల వైపు తిరిగి “సుజా, అయిపాయె, ఇంక కొంచమే” అని కిందికి కేకేసేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ విప్పాడు. అన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాయి.

ఆ సాయంత్రమే ఖాజాని వెంటబెట్టుకుని అల్వాల్ వెళ్లాను. ఆ మాటలు కావాలంటే జోసెఫ్ కుర్చీలోంచి లేవకుండానే తల అడ్డంగా ఊపాడు.

“అవన్నీ అప్పుడే తీసేసిన అన్నా. దగ్గులు, మాటలు, మొత్తం. నాయిస్ కదా. ట్రాక్ క్లీన్‌గ ఉండాలె కదా.”

“ఒక్కటన్న లేదా?” అన్నాడు ఖాజా.

“ఎందుకుంచుత? మీరే కదా సాఫ్ చెయ్యమన్నది.” జోసెఫ్ కంప్యూటర్‌లో వెతికాడు, వెతికినట్టు చేశాడో వెతికాడో నాకు తెలియదు. “పాట షురూ కాంగ ఊపిరి గుంజుతడు చూడు, అదొక్కటి మిగిలింది. అరుపుకు అతుక్కొని ఉండె. తియ్యాల్నని మస్తు చూసిన, రాలే.”

ఖాజా లేచి ఆ కోడిగుడ్ల అట్టల గోడని ఒక గుద్దు గుద్దాడు. అట్ట లోపలికి పోయింది, శబ్దం కూడా రాలేదు. ఆ గదిలో మేం పెట్టిన డబ్బుకి పనిచేసిందేదైనా ఉందంటే ఆ అట్టలే.

మర్నాడు వదిన దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను. మాటలు దొరకలేదని, మేమే తీయించేశామని.

“ఎందుకు తీయించిన్రు?”

“పాటకు అడ్డమొస్తయని.”

ఆమె సూది గుడ్డలో గుచ్చి పెట్టింది. “గా అరుపు ఉంచుకున్నరు” అంది. మళ్లీ తనే అంది, “ఉన్నదే పెట్టు. ఏంది గదో, ఒక్కపారి వింట.”

ఫోన్ ఆమె పక్కన బల్ల మీద పెట్టి పాట మొదలుపెట్టాను. ముందు కొంచెం నిశ్శబ్దం. తర్వాత అన్న ఊపిరి తీసుకున్నాడు, దీర్ఘంగా, కొసన కొంచెం ఈల వేసినట్టు. అరుపు రాబోతుండగా ఆమె చెయ్యి ఎత్తింది.

“ఆపు” అంది. ఆపాను.

“మల్ల పెట్టు.”

మళ్లీ పెట్టాను. కళ్లు మూసుకుని చెవి ఫోన్ దగ్గరికి వంచింది. ఊపిరి అయిపోగానే మళ్లీ చెయ్యి ఎత్తింది, ఆపాను. మూడోసారి ఆమె చెప్పకముందే నేనే ఆపాను.